రెండంగుళాల గోడ

శకుంతల మేడం పన్నెండు సీసాలు తెచ్చి
దుకాణం గడప మీద వరుసగ పెట్టింది.
ఆరు తేనెవి, నాలుగు గులాబీ షర్బత్‌వి,
రెండు దగ్గు మందువి, పెద్ద సైజు.
ఉడకబెట్టి కడిగిందట. అయినా ఒకదాంట్ల
మూత తీస్తె ఇంకా దగ్గు వాసనే.
"పర్వతాలూ, వీటికి చీటీలు గీయాలె" అన్నది.

ముప్పయ్యేండ్లు గోడలు రాసినోన్ని.
వనపర్తి బస్టాండు ఎదురుగ
ఎరువుల కంపెనీ ఆవు నాదే,
దాని కన్నే నా అరచెయ్యంత.
నా కుంచె కదలాల్నంటె నిచ్చెన కావాలె,
కింద ఒకడు డబ్బా పట్టుకోని తిట్లు తినాలె.
రెండంగుళాల కాయితం ముందట
నా చెయ్యి, పెండ్లికొచ్చిన పహిల్వాను లెక్క
ఎక్కడ కూసోవాల్నో తెల్వక నిలబడ్డది.

మొదలు ద్రాక్షగుత్తి గీసిన.
"ద్రాక్షది కాదు పర్వతాలూ, నేరేడు.
కాలేజీ ఎనక చెట్టుది.
పిల్లలు తొక్కినయి పోను ఎనిమిది కిలోలు ఏరిన.
ఆ నెల మొత్తం నా క్లాసుల
ఎవ్వలు నోరు తెరిచినా ఊదా రంగే."

ఊదా కలిపిన. ఎరుపుల నీలం.
ఆరినంక చూస్తె వంకాయ.
నల్లచుక్క వేస్తె, దెబ్బ తగిలి కమిలిన చోటు.
ఆఖరికి సీసాలనే కుంచె కొస ముంచి
కాయితం మీద పెట్టిన.
నన్నేం అడగకుంటనే పండు వచ్చి కూసున్నది.

ఇగ పేరు. నే, ర...
రెండో ఏత్వం ఎక్కకముందే ఫోను మోగింది.
మాట్లాడి వచ్చి చూస్తె
పక్కన సున్నా ఒకటి పెడితె చాలు,
నేరం.
మేడం పడి పడి నవ్వింది.
"జల్ది పూర్తి చెయ్యి, ఆబ్కారోళ్ళు చదువుతరు!
ఇంట్ల తాగేదానికే నాయినా, అమ్మేదానికి కాదు."

నేను నవ్వలే.
పద్నాలుగేండ్లప్పుడు రాత్రిబడి సారు
జాజు డబ్బా చేతికిచ్చి
'సారా బందు' అని ఊరంతా రాయించిండు.
నేను గోడకెక్కిచ్చిన మొదటి అక్షరాలు అవే.
మా ఇంటి గోడకు కూడ రాసిన, కొంచెం పెద్దగ.
నాయిన ఆ గోడకే ఒరిగి తాగుతుండె,
'బందు' ఆయన భుజానికి అంటుకునేది.
ఆయన తాగినదానికి పేరు లేకుండె.
ఎవరు కాసిండ్రో, ఎన్నడు కాసిండ్రో,
అండ్ల ఏం కలిపిండ్రో.
దవాఖాన్ల డాక్టరు అడిగితె
అవ్వ ఉత్త సీసా చూపెట్టింది.
తర్వాత దాన్నే దీపం బుడ్డి చేసింది.

అందుకని పండు కింద
చిన్నక్షరాలు మొదలుపెట్టిన.
మేడం వద్దన్నా ఆగలే.

చేసినామె: శకుంతల, కాలేజీ ఎనక ఇల్లు.
పండ్లు: రాలినయే.
చక్కెర: కెమిస్ట్రీ మేడం తూకం.
నీళ్ళు: నల్లావి, కాచి చల్లార్చినయి.
రోజులు: నూటనాలుగు.
మూడో జాడీకి బూజు పట్టింది, పారబోసినం.

"బూజు సంగతి ఎవరన్న రాసుకుంటరా?"
"రాయాలె మేడం."
ఆమె ఇంకేం అనలే. అద్దాలు పెట్టుకోని
జాడీలు మూడా నాలుగా అని వేళ్ళ మీద లెక్కపెట్టి
"నాలుగోది" అన్నది.
పన్నెండు చీటీల మీద దిద్దిన.

మైదా లై కలిపి అంటిస్తుంటె
దగ్గు మందు సీసాకు తలకిందులు పడ్డది.
పీకితె చినుగుతది.
"అది నువ్వే ఉంచుకో" అన్నది పోతపోత.

నేను తాగను. ఆమెకు తెలుసు.
అల్మారల టర్పెంటు పక్కన పెట్టిన.
రాత్రి దుకాణం మూసినంక మళ్ళ తెరిచి,
మిగిలిన కాయితం ముక్క మీద
'టర్పెంటు. తాగొద్దు. పర్వతాలుది.' అని రాసి
ఆ సీసాకు కూడ అంటేసి
షట్టరు దించిన.